ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి: ఫొటోలు వాటంతటవే వస్తాయి, మరి పాస్‌వర్డ్‌లు?

సేల్ మొదలయ్యిందంటే చాలు, నాకు వచ్చే మెసేజ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. "అన్నా, ఆండ్రాయిడ్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి ఐఫోన్ తీసుకుంటున్నా. పాస్‌వర్డ్‌లు, ఫోన్‌పే, వాట్సాప్ అన్నీ కొత్త ఫోన్‌లోకి వచ్చేస్తాయి కదా?"

కొన్ని వస్తాయి. యాపిల్ వాళ్ల 'మూవ్ టు ఐఓఎస్' యాప్‌ని పాత ఫోన్‌లో వేసుకుంటే కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్‌లు, ఫొటోలు, వీడియోలు, క్యాలెండర్, బుక్‌మార్క్‌లు, వాట్సాప్ చాట్‌లు కొత్త ఫోన్‌లోకి వెళ్లిపోతాయి. పాస్‌వర్డ్‌లు వెళ్లవు, వాటిని మీరు తీసుకెళ్లాలి. ఆథెంటికేటర్ కోడ్‌లూ అంతే. యూపీఐ, బ్యాంక్ యాప్‌లయితే తీసుకెళ్లడం అన్న మాటే లేదు, కొత్త ఫోన్‌లో మొదటి నుంచి రిజిస్టర్ చేసుకోవాల్సిందే.

ఏ బటన్ నొక్కాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం చాలామంది చెప్పరు. ఇక్కడ ఆ వరుస తప్పితే మన ఖాతాకి మనమే బయటివాళ్లం అయిపోతాం. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఇవి ఎందుకు రావు?

ఫోన్‌లో ఉన్నదంతా మనకి డేటాగానే కనిపిస్తుంది గానీ అందులో మూడు జాతులున్నాయి.

ఫొటో, కాంటాక్ట్, చాట్ లాంటివి మామూలు ఫైళ్లు. ఎన్ని కాపీలైనా చేసుకోవచ్చు. రెండో జాతి రహస్యాలు. పాస్‌వర్డ్‌లు, ఆథెంటికేటర్ యాప్‌లోని సీక్రెట్ కీలు ఈ కోవలోకి వస్తాయి. ఇవి కాపీ అవుతాయి, కానీ మీరు అన్‌లాక్ చేసి, మీ చేత్తో "ఎక్స్‌పోర్ట్" నొక్కితేనే. మూడోది అసలు కాపీ కాకూడదని పనిగట్టుకుని తయారుచేసిన రకం. చాలా బ్యాంక్ యాప్‌లు రిజిస్ట్రేషన్ టైమ్‌లో ఫోన్‌లోని సెక్యూరిటీ హార్డ్‌వేర్ లోపల ఒక కీని పుట్టిస్తాయి. ఆండ్రాయిడ్‌లో ఈ ఏర్పాటు పేరు కీస్టోర్, ఐఫోన్‌లో అయితే సెక్యూర్ ఎన్‌క్లేవ్. అక్కడ పుట్టిన కీ ఆ చిప్ దాటి బయటికి రాదు. యాప్ కూడా దాన్ని చదవలేదు, "ఈ సంతకం పెట్టు" అని అడగగలదు, అంతే. దొంగ మీ ఫోన్ స్టోరేజ్ మొత్తాన్ని కాపీ కొట్టినా మీ బ్యాంక్ ఖాతా వాడి ఫోన్‌లో తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. మీ కొత్త ఐఫోన్‌లో తెరుచుకోకపోవడానికి కూడా ఇదే కారణం.

కాబట్టి మీ ఫోన్‌లో ఉన్న ప్రతి ముఖ్యమైన యాప్ గురించీ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది కాపీ అయ్యేదా, మళ్లీ పుట్టించాల్సిందా? మళ్లీ పుట్టించాల్సిందైతే, మీరు మీరే అని చెప్పడానికి ఎవరో ఒకరు సాక్ష్యం ఇవ్వాలి. ఆ సాక్షి చాలాసార్లు మీ పాత ఫోన్, లేదా అందులోని సిమ్.

ఎక్స్‌ఛేంజ్ ఆఫర్‌లో ఉన్న తిరకాసు

షాపుకెళ్లి కొనేవాళ్లకి, పాత ఫోన్ ఇంట్లో తమ్ముడికో అమ్మకో ఇచ్చేవాళ్లకి పెద్ద ఇబ్బంది లేదు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని తీరిగ్గా చేసుకోవచ్చు. ఆన్‌లైన్ ఎక్స్‌ఛేంజ్ అలా ఉండదు. డెలివరీ బాయ్ గుమ్మం దగ్గర నిలబడి, పాత ఫోన్ స్క్రీన్ చూసి, అకౌంట్ లాగౌట్ చేసి రీసెట్ కొట్టి ఇమ్మంటాడు. అతని దగ్గర ఇంకో పాతిక డెలివరీలు ఉంటాయి. "ఒక్క గంట ఆగు బ్రో, వాట్సాప్ ట్రాన్స్‌ఫర్ అవుతోంది" అంటే ఆగడు.

అంటే రెండు ఫోన్లూ ఒకేసారి మీ చేతిలో ఉండే టైమ్ దాదాపు సున్నా. నా అభిప్రాయం అడిగితే, మీ నంబర్ మీద రెండు మూడు బ్యాంక్ ఖాతాలు, కాలేజీ లేదా ఆఫీస్ మెయిల్, పదికి మించి ఆథెంటికేటర్ కోడ్‌లు ఉంటే, డోర్‌స్టెప్ ఎక్స్‌ఛేంజ్ వదిలేయండి. పాత ఫోన్‌ని రెండు వారాల తర్వాత విడిగా అమ్ముకోండి. రేటు కొంచెం తగ్గినా తగ్గనివ్వండి. లేదు, ఎక్స్‌ఛేంజ్ బోనస్ వదులుకోలేను అంటారా? అప్పుడు కింద చెప్పేవాటిలో చాలా భాగం డెలివరీకి ముందురోజు రాత్రికే పూర్తయిపోవాలి. మధ్యలో సాక్షిగా ఒక ల్యాప్‌టాప్‌నో పాత ట్యాబ్‌నో నిలబెట్టుకోవాలి. వాట్సాప్ ఒక్కటీ ఇలా మధ్యవర్తితో కుదరదు, దాని సంగతి విడిగా చెప్తాను.

మొదటి పని: గూగుల్ ఖాతా

పాస్‌వర్డ్‌ల కంటే ముందు ఇది ఎందుకంటే, ఆండ్రాయిడ్ వాడినవాళ్ల దాదాపు అన్ని తాళాలూ చివరికి ఈ ఒక్క తాళం దగ్గరికే వస్తాయి.

ఐఫోన్‌లో జీమెయిల్ ఓపెన్ చేయగానే గూగుల్ ఏమడుగుతుంది? "మీ పాత ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చింది, అవును నొక్కండి" అంటుంది. పాత ఫోన్ రీసెట్ అయిపోయి ఉంటే నొక్కేది ఎవరు? సరే, ఆథెంటికేటర్ కోడ్ కొడదాం అంటే అది కూడా పాత ఫోన్‌లోనే ఉండేది. ఎస్ఎంఎస్ ఓటీపీ అంటారా, మీరు అదే రోజు సిమ్ మార్చి ఉంటే అదీ రాకపోవచ్చు. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టే.

దీనికి మందు బ్యాకప్ కోడ్‌లు. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ విభాగం, అందులో 2-స్టెప్ వెరిఫికేషన్ కింద ఇవి దొరుకుతాయి. మొత్తం 10 కోడ్‌లు, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసుకోండి, లేదా ప్రింట్ తీసుకోండి. నవ్వకండి, కాగితమే. స్క్రీన్‌షాట్ తీస్తే అది గూగుల్ ఫొటోస్‌లోకి వెళ్తుంది, అంటే మళ్లీ అదే బీరువాలోకి. కాగితం ఇంట్లో టెన్త్ సర్టిఫికెట్లు ఉండే ఫైల్‌లో పెట్టేయండి. హైదరాబాద్ హాస్టల్‌లో ఉంటూ సర్టిఫికెట్లు ఊళ్లో ఉన్నవాళ్లు పర్సులో ఒక కాపీ ఉంచుకోవచ్చు. దాని మీద మెయిల్ ఐడీ మాత్రం రాయొద్దు.

అలాగే రికవరీ ఫోన్ నంబర్ ఏది ఉందో చూడండి. ఇంటర్‌లో వాడిన, ఎప్పుడో ఆపేసిన నంబర్ ఇంకా అక్కడే ఉండొచ్చు. ఆపేసిన నంబర్లని కొంతకాలం తర్వాత కంపెనీలు వేరేవాళ్లకి ఇస్తాయి. అంటే మీ ఓటీపీ వెళ్లేది ఎవరో తెలియని మనిషికి.

పాస్‌వర్డ్‌లు: మూడు దారులు

ఆండ్రాయిడ్‌లో "సేవ్ పాస్‌వర్డ్?" అంటే "ఎస్" కొడుతూ వచ్చినవన్నీ గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉంటాయి. కొన్ని ఫోన్లలో కంపెనీ సొంత పాస్‌వర్డ్ యాప్ కూడా ఉంటుంది. ఉదాహరణకి శాంసంగ్‌లో శాంసంగ్ పాస్. ఏది ఎక్కడ సేవ్ అయ్యిందో ముందు తెలుసుకోండి. శాంసంగ్ పాస్‌లో ఉన్నవి గూగుల్‌లో కనిపించవు.

అన్నిటికంటే తేలికైన దారి, అసలు తరలించకపోవడం. ఐఫోన్‌లో క్రోమ్ వేసుకుని గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వండి. తర్వాత సెట్టింగ్స్, జనరల్, ఆటోఫిల్ అండ్ పాస్‌వర్డ్స్‌లోకి వెళ్లి క్రోమ్‌ని ఆన్ చేయండి. ఇక ఐఫోన్‌లో ఏ యాప్ లాగిన్ పేజీ తెరిచినా కీబోర్డ్ పైన మీ పాత పాస్‌వర్డ్‌లు కనిపిస్తాయి. ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేయలేదు, ఎక్కడా కాపీ మిగల్లేదు. మొదటి నెల రోజులకి అందరికీ నేను చెప్పేది ఈ దారే.

రెండోది, యాపిల్ పాస్‌వర్డ్స్ యాప్‌లోకి పూర్తిగా మారిపోవడం. 2024లో ఐఓఎస్ 18తో ఇది విడి యాప్‌గా వచ్చింది. యాప్ బాగుంది, వాదించను. కానీ ఆండ్రాయిడ్‌లో ఇది లేదు. రెండేళ్ల తర్వాత మళ్లీ ఆండ్రాయిడ్‌కి వస్తే ఈ ప్రయాణమంతా వెనక్కి చేయాలి. పైగా గూగుల్ నుంచి తెచ్చిన ఫైల్‌ని ఇందులోకి ఎక్కించడానికి మ్యాక్ ఉంటే పని సుళువు. మన ఇంజనీరింగ్ పిల్లల్లో ఎక్కువమంది చేతిలో ఉండేది విండోస్ ల్యాప్‌టాప్.

మూడోది, బిట్‌వార్డెన్ లాంటి ఏ కంపెనీ ఫోన్‌కీ కట్టుబడని పాస్‌వర్డ్ మేనేజర్. ఓపెన్ సోర్స్. ఉచిత ప్లాన్‌లోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాల్లోనైనా వాడుకోవచ్చు. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్ అన్నిట్లో ఉంది. ఫోన్లు తరచూ మార్చే మన జాతికి దీర్ఘకాలంలో ఇదే మేలని నా లెక్క. ఒకటే షరతు, మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ వాళ్లు కూడా ఏమీ చేయలేరు. పొడుగ్గా ఉండాలి, ఇంకెక్కడా వాడనిదై ఉండాలి, మీకు మాత్రం నోటికి వచ్చెయ్యాలి. 2022లో లాస్ట్‌పాస్ సర్వర్ల నుంచి కస్టమర్ల ఎన్‌క్రిప్టెడ్ వాల్ట్‌ల బ్యాకప్‌లు దొంగల చేతికి వెళ్లాయి. అలాంటి రోజున మీకూ దొంగకీ మధ్య మిగిలేది ఆ మాస్టర్ పాస్‌వర్డ్ బలం ఒక్కటే.

సీఎస్‌వీ ఫైల్‌తో జాగ్రత్త

రెండో దారైనా మూడో దారైనా మధ్యలో ఒక సీఎస్‌వీ ఫైల్ వస్తుంది. గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే వచ్చేది అదే. ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో ఒకసారి తెరిచి చూడండి, చాలు. సైట్ పేరు, అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, నోట్, అన్నీ కామాలతో వరుసగా. ఎన్‌క్రిప్షన్ లేదు, తాళం లేదు. మీ జీవితం మొత్తం ఒక ఎక్సెల్ షీట్‌లో.

ఇక్కడ చాలామంది చేసే పని, ఆ ఫైల్‌ని ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి వాట్సాప్‌లో తమకి తామే పంపుకోవడం. దాంతో ఎన్ని కాపీలయ్యాయో లెక్కేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒకటి, వాట్సాప్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఒకటి, రాత్రి రెండింటికి జరిగే వాట్సాప్ బ్యాకప్‌తో గూగుల్ డ్రైవ్‌లో ఒకటి, ఆఫీస్ కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే అక్కడి చాట్‌లో ఇంకోటి. తర్వాత మీరు డిలీట్ చేసేది వీటిలో ఒక్కదాన్నే.

నేను చెప్పే పద్ధతి: ఈ పని ఫోన్‌లో చేయొద్దు. మీ సొంత ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి అక్కడి నుంచి ఎక్స్‌పోర్ట్ చేయండి. అదే ల్యాప్‌టాప్‌లో బిట్‌వార్డెన్ వెబ్‌సైట్‌లోకి ఇంపోర్ట్ చేయండి. రెండింటికీ మధ్య ఐదు నిమిషాలు పడుతుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లాంటి వాటికి సింక్ అవుతోందేమో ముందే చూసుకోండి. ఇంపోర్ట్ అయ్యాక ఓ పది ఎంట్రీలు తెరిచి సరిచూసుకోండి. తర్వాత ఫైల్‌ని షిఫ్ట్ డిలీట్ కొట్టండి. ఫోన్‌లోనే చేయక తప్పకపోతే, డిలీట్ చేసిన తర్వాత ట్రాష్ కూడా ఖాళీ చేయండి. ఫైల్స్ బై గూగుల్ యాప్ డిలీట్ చేసినవాటిని 30 రోజులు ట్రాష్‌లో దాచి ఉంచుతుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో, కాలేజీ ల్యాబ్‌లో ఈ ఫైల్ తెరవనే తెరవకండి.

ఈ గోల ఎప్పటికీ ఉండదు లెండి. పాస్‌కీలని, పాస్‌వర్డ్‌లని ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి ఫైల్ లేకుండా పంపించే క్రెడెన్షియల్ ఎక్స్‌ఛేంజ్ అనే ప్రమాణాన్ని ఫిడో అలయన్స్ తయారుచేస్తోంది. 2024 అక్టోబర్‌లో ముసాయిదా బయటపెట్టింది. ఐఓఎస్ 26లో ఇది వచ్చింది కూడా. ఐఫోన్‌లో ఉన్న రెండు పాస్‌వర్డ్ యాప్‌లూ దీన్ని సపోర్ట్ చేస్తే ఫేస్ ఐడీ చూపించి నేరుగా పంపించుకోవచ్చు.

పాస్‌కీల గురించి ఒక మాట. సీఎస్‌వీ ఫైల్‌లో ఇవి రావు. ఏయే సైట్లకి పాస్‌కీ పెట్టుకున్నారో పాత ఫోన్‌లో చూసి రాసుకోండి. ఆ సైట్లలో ఐఫోన్ నుంచి కొత్త పాస్‌కీ చేసుకుని, పాతది తీసేయండి. పాత ఫోన్ చేతిలో ఉంటే ఇది చాలా సులువు. ఐఫోన్‌లో లాగిన్ పేజీ చూపించే క్యూఆర్ కోడ్‌ని పాత ఫోన్‌తో స్కాన్ చేసి వేలిముద్ర వేస్తే లోపలికి వెళ్లిపోతారు.

ఆథెంటికేటర్ కోడ్‌లు

30 సెకన్లకోసారి మారే ఆ ఆరంకెల కోడ్ ఎక్కడి నుంచో ఇంటర్నెట్‌లో రాదు. మీరు మొదట్లో స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్‌లో ఒక సీక్రెట్ కీ ఉంటుంది. ఫోన్ ఆ కీనీ, ఇప్పటి టైమ్‌నీ కలిపి లెక్క వేసి కోడ్ చూపిస్తుంది. అందుకే ఏరోప్లేన్ మోడ్‌లో కూడా పనిచేస్తుంది. ఆ కీ పోతే కోడ్ పోయినట్టే. యాప్‌ని ఐఫోన్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన అది రాదు.

గూగుల్ ఆథెంటికేటర్ అయితే మెనూలో ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్, అందులో ఎక్స్‌పోర్ట్ నొక్కండి. పెద్ద క్యూఆర్ కోడ్ వస్తుంది. ఖాతాలు ఎక్కువుంటే ఒకటి కంటే ఎక్కువ వస్తాయి. ఐఫోన్‌లోని ఆథెంటికేటర్‌తో వాటిని స్కాన్ చేస్తే సరి. ఎక్స్‌ఛేంజ్ వాళ్లు ఈ స్కాన్‌ని ముందురోజే ఇంట్లో ఉన్న ఇంకో ఫోన్‌లోకో ట్యాబ్‌లోకో చేసి పెట్టుకుని, అక్కడి నుంచి ఐఫోన్‌కి తెచ్చుకోవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి గూగుల్ ఖాతాతో సింక్ చేసే సౌకర్యం కూడా ఉంది. అది వచ్చిన కొత్తలోనే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదని సెక్యూరిటీ రీసెర్చర్లు ఎత్తిచూపారు. వాడినా మరో చిక్కుంది. కోడ్‌లు గూగుల్ ఖాతాలో ఉంటాయి, ఆ ఖాతా తెరవడానికి అదే కోడ్ కావాలి. ఇందాక బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకోమన్నది ఇందుకే.

మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ వాడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. ఆండ్రాయిడ్‌లో తీసుకున్న బ్యాకప్ ఐఫోన్‌లో రీస్టోర్ అవ్వదు. ప్రతి ఖాతాలోకీ వెళ్లి, పాత కోడ్‌తో లాగిన్ అయ్యి, ఆథెంటికేటర్ ఆఫ్ చేసి, ఐఫోన్‌తో కొత్త క్యూఆర్ స్కాన్ చేయాలి. ఆఫీస్ ఖాతా అయితే ఐటీ వాళ్ల సాయం పడొచ్చు, కాబట్టి శుక్రవారం సాయంత్రం ఫోన్ మార్చకండి.

వాట్సాప్

ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో ఉంటుంది, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లో. ఐఫోన్ వాట్సాప్ గూగుల్ డ్రైవ్ వైపు చూడదు. "డ్రైవ్‌లో బ్యాకప్ ఉందిలే" అని పాత ఫోన్ రీసెట్ చేస్తే చాట్‌లు ఐఫోన్‌లోకి వచ్చే దారి మూసుకుపోతుంది. ఇంకో ఆండ్రాయిడ్ దొరికితే దాంట్లోకి రీస్టోర్ చేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

2022 నుంచి మూవ్ టు ఐఓఎస్ ద్వారా నేరుగా పంపించుకోవచ్చు. ఐఫోన్ కొత్తదై ఉండాలి, లేదా రీసెట్ చేసి ఉండాలి. సెటప్ అయిపోయి హోమ్ స్క్రీన్ వచ్చేసిందంటే మళ్లీ రీసెట్ చేసి రావాలి. నంబర్ రెండింట్లో ఒకటే ఉండాలి. రెండు ఫోన్లకీ ఛార్జర్ పెట్టండి, గ్రూపుల వీడియోలు గిగాబైట్లకొద్దీ ఉంటే గంటలు పడుతుంది. కాల్ హిస్టరీ మాత్రం రాదు. డోర్‌స్టెప్ ఎక్స్‌ఛేంజ్‌కి ఇది కుదరదని వేరే చెప్పక్కర్లేదు.

సిమ్, యూపీఐ: డబ్బు సంగతి

ముందు సిమ్. కొత్త ఫోన్ రాగానే "ఈసిమ్‌కి మారిపోదాం" అనిపిస్తుంది. అదే రోజు మారకండి. సిమ్ స్వాప్ మోసాలు ఆపడానికి, సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావడం, పోవడం రెండూ ఆపాలని 2022లో టెలికాం శాఖ ఆదేశించింది. ఓటీపీలు రావాల్సిన రోజే ఓటీపీలు ఆగిపోతాయి. పాత సిమ్ కార్డునే ఐఫోన్‌లో వేసి అన్ని యాప్‌లూ రిజిస్టర్ చేసుకోండి. ఈసిమ్ సంగతి వారం తర్వాత చూద్దాం. అసలు సిమ్ ట్రేనే లేని ఐఫోన్ ఎయిర్ లాంటిది కొంటుంటే వరుస తిరగబడుతుంది. పాత ఫోన్ ఇంకా చేతిలో ఉండగానే, దానికి ఈసిమ్ సపోర్ట్ ఉంటే, రెండు మూడు రోజుల ముందే మార్చుకుని ఉంచుకోండి.

ఎమ్మెస్‌కి వెళ్తూ "ఐఫోన్ అమెరికాలో కొనుక్కుంటాలే" అనుకునేవాళ్లు ఈ ముక్క తప్పకుండా చదవాలి. అక్కడ అమ్మే ఐఫోన్లకి 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి సిమ్ ట్రే లేదు. మీ ఇండియా సిమ్ కార్డు అందులో పట్టదు. ఎడ్యుకేషన్ లోన్ బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబర్‌కే వస్తాయి కదా. విమానం ఎక్కేలోపు, ఇక్కడ ఉండగానే ఈసిమ్ సంగతి, రోమింగ్ సంగతి తేల్చుకోండి.

ఇక యూపీఐ. పాత ఫోన్ వదిలేముందు యూపీఐ లైట్ బ్యాలెన్స్ చూసుకోండి. పిన్ లేకుండా చిన్న చెల్లింపులు చేసే ఈ వాలెట్‌లో 5,000 రూపాయల దాకా ఉండొచ్చు, అది ఆ ఫోన్‌కే కట్టుబడి ఉంటుంది. పాత ఫోన్‌లోనే లైట్ ఖాతా క్లోజ్ చేస్తే మిగిలిన డబ్బు మీ బ్యాంక్ ఖాతాలోకి తిరిగి వెళ్తుంది. టీ కొట్టు దగ్గర వాడే డబ్బే కదా అని వదిలేస్తే, తర్వాత కస్టమర్ కేర్ చుట్టూ తిరగాల్సి రావొచ్చు.

కొత్త ఫోన్‌లో ఫోన్‌పే, గూగుల్ పే ఏది తెరిచినా మీ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ వెళ్లాలి. ఈ నంబర్ ఈ పరికరంలోనే ఉందని తేల్చే డివైస్ బైండింగ్ అదే. ఆండ్రాయిడ్‌లో ఈ మెసేజ్ యాపే పంపేసేది, మనకి తెలిసేది కూడా కాదు. ఐఫోన్‌లో ఏ యాప్‌కీ మీ తరఫున ఎస్ఎంఎస్ పంపే అధికారం లేదు. మెసేజ్ పెట్టె తెరుచుకుంటుంది, అందులో అర్థంకాని అక్షరాల వరుస ఉంటుంది. దాన్ని మార్చకుండా మీరే సెండ్ నొక్కాలి. రెండు సిమ్‌లుంటే బ్యాంకులో ఉన్న నంబర్ నుంచే వెళ్తోందా అని చూసుకోండి. ప్రీపెయిడ్ అయితే ఎస్ఎంఎస్ పంపే ప్యాక్ ఉండాలి. డేటా ప్యాక్ ఉండి ఎస్ఎంఎస్ లేక రిజిస్ట్రేషన్ ఫెయిలయ్యేవాళ్లు చాలామంది, వాళ్లు తిట్టుకునేది మాత్రం ఐఫోన్‌ని.

ఒక హెచ్చరిక. ఇలాంటి కోడ్ ఉన్న మెసేజ్‌ని "ఈ నంబర్‌కి ఫార్వర్డ్ చేయండి" అని ఎవరైనా ఫోన్ చేసి అడిగితే, వాడు తన ఫోన్‌ని మీ నంబర్‌తో బైండ్ చేసుకుంటున్నాడని అర్థం. మీరు పంపాల్సింది మీ చేతిలోని యాప్ తెరిచిన పెట్టెలోంచి మాత్రమే.

యూపీఐ పిన్ మారదు. అది బ్యాంకు దగ్గర ఉండేది, ఫోన్‌లో ఉండేది కాదు. కానీ పరికరం మారింది కాబట్టి మొదట్లో చెల్లింపుల పరిమితి తక్కువ ఉంటుంది. మామూలుగా 24 గంటల పాటు 5,000 రూపాయలు, కొన్ని బ్యాంకులు ఐఫోన్‌కి దాన్ని 72 గంటలు చేశాయి. హాస్టల్ ఫీజు, రూమ్ అద్దె కట్టాల్సిన రోజున ఫోన్ మార్చారనుకోండి, ఇరుక్కుంటారు. అద్దె కట్టేసి మార్చండి.

డిజిలాకర్‌తో పేచీ లేదు. డాక్యుమెంట్లు సర్వర్‌లో ఉంటాయి, నంబర్, సెక్యూరిటీ పిన్ ఉంటే చాలు.

దాచిపెట్టినవి

ట్రాన్స్‌ఫర్ యాప్‌లకి కనిపించకూడదనే మనం కొన్ని దాస్తాం. అవి నిజంగానే కనిపించవు. శాంసంగ్ సెక్యూర్ ఫోల్డర్‌లో ఉన్నవాటిని మీరే బయటికి తీయాలి. ఆండ్రాయిడ్ 15లో వచ్చిన ప్రైవేట్ స్పేస్‌ని కొత్త ఫోన్‌కి తరలించే వీలే లేదు. గూగుల్ ఫొటోస్ లాక్డ్ ఫోల్డర్‌కి బ్యాకప్ ఆన్ చేయకపోతే రీసెట్‌తో పాటే ఆ ఫొటోలు పోతాయి. ఆధార్, పాన్ స్కాన్‌లు అందులో పెట్టుకున్నవాళ్లు ముందే చూసుకోండి.

ఇంకో రకం దాచుడు ఉంది. ఏటీఎం పిన్‌ని "రమేష్ ప్లంబర్" అనే కాంటాక్ట్‌గా, నంబర్ చివరి నాలుగంకెల్లో సేవ్ చేయడం. మన ఇళ్లలో నాన్నలందరికీ తెలిసిన విద్య ఇది. కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగిన ప్రతి యాప్‌కీ ఆ ప్లంబర్ కూడా వెళ్లాడు. ఫోన్ మారుతున్న ఈ సందులో అలాంటివన్నీ పాస్‌వర్డ్ మేనేజర్‌లోని నోట్‌లోకి మార్చేసి, కాంటాక్ట్ డిలీట్ చేయండి. ఐఓఎస్ 18 నుంచి ఒక యాప్‌కి మొత్తం కాంటాక్ట్స్ ఇవ్వకుండా, మీరు ఎంచుకున్నవి మాత్రమే ఇవ్వొచ్చు.

వైఫై పాస్‌వర్డ్‌కి కుస్తీ పట్టొద్దు. పాత ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో షేర్ నొక్కితే వచ్చే క్యూఆర్‌ని ఐఫోన్ కెమెరాతో చూపిస్తే కనెక్ట్ అయిపోతుంది.

పాత ఫోన్‌ని పంపించడం

నేను రెండు వారాలు గడువు పెట్టుకుంటాను. కరెంటు బిల్లు, కాలేజీ పోర్టల్, ట్రైన్ టికెట్, ఇలా నెలకోసారి తెరిచే యాప్‌లు ఆ లోపు ఒకసారైనా లాగిన్ అడుగుతాయి. అడిగిన ప్రతిదీ ఐఫోన్‌లో తెరుచుకుంటే పాత ఫోన్ పని అయిపోయినట్టే.

అప్పుడు పాత ఫోన్‌లో బ్యాంక్, యూపీఐ యాప్‌ల నుంచి లాగౌట్ అవ్వండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. ఫ్యాక్టరీ రీసెట్ ఫోన్ స్టోరేజ్‌ని తుడుస్తుంది గానీ మెమరీ కార్డుని మీరు విడిగా చెప్తే తప్ప ముట్టుకోదు. అందులో పాత సీఎస్‌వీ ఫైల్ ఉంటే అది కొన్నవాడి చేతికి వెళ్తుంది. సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తీసేసి ఆ తర్వాతే రీసెట్ చేయండి, లేకపోతే కొన్నవాళ్లకి ఫోన్ మీ ఖాతా అడుగుతూ లాక్ అయిపోతుంది. ఆండ్రాయిడ్ 10తో లేదా ఆ తర్వాతి వెర్షన్‌తో మార్కెట్లోకి వచ్చిన ఫోన్లన్నిట్లో స్టోరేజ్ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. రీసెట్‌తో ఆ కీ పోతుంది కాబట్టి పాత ఫైళ్లని రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగుతారన్న భయం అక్కర్లేదు. అంతకంటే పాత ఫోన్ అయితే రీసెట్‌కి ముందు సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆన్ ఉందో లేదో చూడండి.

చివరగా ఐఫోన్ నుంచే గూగుల్ ఖాతా తెరిచి, సెక్యూరిటీలో మీ పరికరాల జాబితా చూడండి. పాత ఫోన్ పేరు ఇంకా ఉంటే సైన్ అవుట్ నొక్కండి. అదే జాబితాలో మూడేళ్ల క్రితం అమ్మేసిన ఫోన్, స్నేహితుడి ల్యాప్‌టాప్ కూడా కనిపిస్తే, వాటికీ అదే పని చేయండి.